ఎదురు చెప్పని పిల్ల

మా వైపు పెండ్లి సంబంధం చెడగొట్టాలంటే ఎవరి గురించీ చెడ్డమాట అననక్కర్లేదు. చెడ్డమాట అనేవాడు తెలివితక్కువవాడు. ఆ మాట ఊరంతా తిరిగి ఎప్పటికైనా వాడి గడప ముందుకే వచ్చి నిలబడుతుంది. పనితనం తెలిసినవాడు మెచ్చుకుంటాడు. ఏది మెచ్చుకుంటే ఎదుటివాళ్ల కాళ్లు వెనక్కి పడతాయో చూసుకుని, దాన్నే మెచ్చుకుంటాడు.

ఈ విద్యలో హిందూపురం ఈరన్నను మించినవాడు లేడు. పట్టుగూళ్ల మార్కెట్టుకు దగ్గరలో ఆయనకు రీలింగ్ యూనిట్ ఉంది. గూళ్లు కొని, దారం తీయించి, ధర్మవరంలో చీరలు నేయించే షాపులకు అమ్ముతాడు. పెనుకొండ దగ్గర తాతల నాటి భూములు, మల్బరీ తోట ఉన్నాయి. మార్కెట్టుకు వచ్చే రైతులంతా తెలిసినవాళ్లే కాబట్టి పిల్లనో పిల్లోడినో విచారించడానికి గోరంట్ల నుంచీ అగళి నుంచీ మనుషులు ఆయన దగ్గరికే వస్తారు. ఒకసారి అగళి పిల్లోడి గురించి ఆడపిల్లవాళ్లు వచ్చి అడిగితే, "బంగారమప్పా వాడు. వాళ్లమ్మ చెప్పందే చొక్కా గూడా మార్చుకోడు" అన్నాడు. వాళ్లు కాఫీ తాగి, నమస్కారం పెట్టి, బస్సెక్కి పోయారు. మళ్లీ అగళి దిక్కు చూడలేదు. ఈరన్న ఒక్క అబద్ధమూ ఆడలేదు, ఒక్క చెడ్డమాటా అనలేదు. ఆయన పొలానికి ఆనుకుని ఉన్న మూడెకరాలు ఆ ఆడపిల్లవాళ్లవి. అవి వేరే ఊరి అల్లుడి చేతికి పోవడం ఆయనకు ఇష్టం లేదు, అంతే.

అటువంటి మనిషిని అశ్విని రికమెండేషన్ లెటర్ అడిగింది. అడగక తప్పలేదు.

అశ్విని పౌలు కూతురు. పౌలు ఈరన్న మల్బరీ తోటలో పనిచేస్తాడు. పెండ్లి కాకముందు నుంచీ అక్కడే. వాళ్ల ఇల్లు కూడా ఆ తోట గట్టు మీదే ఉంది, ఈరన్న చూపించిన జాగాలో. ఆ ఇంట్లో నుంచే అశ్విని పెనుకొండకు పోయి డిగ్రీ చదివింది. చదువు అయిపోయాక ఈరన్నే పిలిచి ఆఫీసులో పెట్టుకున్నాడు. మొదట్లో బిల్లులు రాయడానికే పెట్టుకున్నాడు. నాలుగేళ్లు తిరిగేసరికి ధర్మవరం షాపులవాళ్లు ఈరన్నకు ఫోన్ చేయడం మానేసి అశ్వినికే చేయడం మొదలుపెట్టారు. సరుకు ఎప్పుడొస్తుంది, ఏ రకం ఎంత ఉంది, పన్నుల లెక్క ఎక్కడ ఆగింది, అన్నీ ఆమెకే తెలుసు. జీతం మాత్రం బిల్లులు రాసేదానికి ఇచ్చే జీతమే.

ఆ పిల్ల ఎవరికీ చెప్పకుండా చదివి, బిజినెస్ స్కూల్ ప్రవేశ పరీక్ష రాసి, మంచి మార్కులు తెచ్చుకుంది. బెంగళూరులో ఒక పెద్ద స్కూలు ఆమెలాంటి పేదపిల్లలు కొద్దిమందికి ఫీజు లేకుండా సీటు ఇస్తుంది. దానికి వయసు హద్దు ఉంది. ఆమెకు ఇదే చివరి ఏడాది. ఇది తప్పితే ఆ ఫీజు కట్టే తాహతు తోటలో గొడ్డులా కష్టపడే పౌలుకు ఏడు జన్మలెత్తినా రాదు. ఈరన్న ఆఫీసులో ఆ ప్లాస్టిక్ కుర్చీలోనే తన తల నెరుస్తుందని అశ్వినికి భయం. అది ఉత్త భయం కాదని నేనంటాను.

దరఖాస్తుకు రెండు రికమెండేషన్ లెటర్లు కావాలి. ఒకటి పెనుకొండలో చదువు చెప్పిన రమణ సార్ వెంటనే ఇచ్చాడు. రెండోది పనిచేసే చోట యజమాని ఇవ్వాలి. ఆ సంగతి మాట్లాడుతూ రమణ సార్ ఆమెకు ఒక మాట చెప్పాడు.

"మంచి పిల్ల, బుద్ధిమంతురాలు, చెప్పింది చెప్పినట్టు చేస్తాది అని రాయించుకుంటే అంతేసంగతులమ్మా. అట్లాంటోళ్లు వాండ్లకు లక్షమంది దొరుకుతారు. తప్పు జరుగుతాంటే యజమాని ముందర నిలబడి కాదు అనగలదా లేదా, అది చూస్తారు వాండ్లు. నీ దగ్గర అట్లాంటి సంగతి ఏమన్నా ఉండాదా?"

ఉంది. అంతకుముందు వానాకాలంలో గూళ్ల ధర పెరిగినప్పుడు, ధర్మవరం పోయే సరుకులో కొంత నాసిరకం దారం కలపమన్నాడు ఈరన్న. అందరూ కలుపుతున్నారు, మనమేం తక్కువ తిన్నామా అన్నాడు. అశ్విని ఆఫీసులో అందరి ముందూ, "ఈ బిల్లు నేను వెయ్యను సార్" అంది. మగ్గం మీద దారం తెగితే నేతగాడు మనల్నే తిడతాడు, మళ్లీ మన సరుకు ముట్టుకోడు అంది. ఈరన్న ఆమెను అనరాని మాటలన్నాడు. పౌలును కూడా కలిపి తిట్టాడు. అయినా ఆమె బిల్లు వేయలేదు. బండి బయట నిలబడే ఉంది. చివరికి మంచి దారమే పోయింది. నెల తిరగకముందే కల్తీ కలిపినవాళ్ల సరుకంతా ధర్మవరం నుంచి తిరిగొచ్చింది. ఈరన్న సరుకుకు గిరాకీ రెట్టింపయింది.

అశ్విని భయపడుతూనే అడిగింది. ఈరన్న ఏమాత్రం నొసలు చిట్లించలేదు.

"దానికేమమ్మా, కూర్చో. నాకు ఇంగ్లీషు యాడొస్తాది. నేను తెలుగులో చెప్తా, నువ్వు కొట్టు."

కుర్చీలో వెనక్కి వాలి చెప్పుకుంటూ పోయాడు. ఆ బిల్లు సంగతి తనంతట తనే ఎత్తాడు. "ఆ పొద్దు నాకు ఒళ్లు మండిపోయింది. పనిలోనుంచి తీసేద్దామనుకున్యా. కానీ ఆ పిల్ల చెప్పిందే నిజమైంది. నా పేరు నిలబెట్టింది. రాయి, ఉన్నదున్నట్టు రాయి." అశ్విని కంప్యూటర్ మీద కొడుతుంటే కండ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నేళ్లకు ఈ మనిషి నోటి నుంచి ఈ మాట విన్నాను కదా అని మనసులోనే దేవుడికి దండం పెట్టుకుంది.

న్యాయం చెప్పాలంటే ఆ రోజు ఈరన్న మనసులో కల్మషం లేదు. ఎందుకంటే ఇటువంటి కాగితాలతో ఏదైనా జరుగుతుందని ఆయన కలలో కూడా అనుకోలేదు. ఆయనకు తెలిసింది సిఫార్సు ఉత్తరం. వయసులో ఉన్నప్పటి నుంచీ నాయకుల దగ్గరా ఆఫీసర్ల దగ్గరా అటువంటివి ఎన్నో రాయించుకున్నాడు, ఎంతోమందికి ఇచ్చాడు. ఇచ్చినవాడికి పేరొస్తుంది, పుచ్చుకున్నవాడు సంతోషిస్తాడు, పని మాత్రం కాదు. ఖర్చు లేని దానం చేయడానికి ఎవరికైనా చేతులు పొడుగే.

రెండు నెలలకు స్కూలు నుంచి మెయిల్ వచ్చింది. అశ్విని పేరు చివరి జాబితాలో ఉంది. ఇక మిగిలింది ఒక్కటే. లెటర్ ఇచ్చిన యజమానితో వాళ్లు గురువారం పదకొండు గంటలకు ఫోన్‌లో మాట్లాడతారు. అశ్విని ఆ సంగతి చెప్పినప్పుడు ఈరన్న తలూపాడు గానీ, టీ గ్లాసు పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఆయన భార్య శోభారాణి అంది, "ఆ పాప పోతే ధర్మవరమోళ్లతో మాట్లాడేదెవరు? నీకు ఆ కంప్యూటర్ తెరిచేది గూడా రాదు."

"పోతే గదా" అన్నాడు ఈరన్న.

మరునాడు తోటకు కబురు పంపాడు. నీ బిడ్డ సంగతి మాట్లాడటానికి బెంగళూరు నుంచి పెద్దోళ్లు ఫోన్ చేస్తాండారు, గురువారం పొద్దున నువ్వు కూడా రావాల అని. ఆ కబురు విని పౌలు పొంగిపోయాడు. ఎవరో తన బిడ్డ గురించి అడుగుతారు, పెద్దాయన చెబుతాడు, తనూ పక్కన ఉంటాడు. ఇటువంటిది ఆయన జీవితంలో పెండ్లి విచారణల్లో తప్ప చూడలేదు. పెద్ద కూతురు అరుణ పెండ్లికీ ఇట్లాగే ఈరన్న ఇంటి ముందు నిలబడ్డాడు.

గురువారం చర్చికి వేసుకునే తెల్లచొక్కా తొడుక్కుని, తలకు నూనె రాసుకుని హిందూపురం బస్సు దిగాడు. ఆఫీసు గడప దగ్గర చెప్పులు విడిచి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఈరన్న కుర్చీ చూపించాడు.

"కూర్చో పౌలూ. ఈ పొద్దు నువ్వు పిల్ల తండ్రివి."

ఆ ఆఫీసులో పౌలు కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. అంచు మీద ఆనీఆననట్టు కూర్చుని మోకాళ్ల మీద చేతులు పెట్టుకున్నాడు. అశ్వినికి తండ్రిని చూడగానే మనసు కీడు శంకించింది. అయినా ఏమనగలదు? ఫోన్ వచ్చేసరికి తను గదిలో ఉండకూడదని మెయిల్‌లో రాశారు. బయటికి పోబోయింది.

"యాడికి పోతాండావు? నాకు ఆ ఫోన్లు సరిగ్గా వినపడవు. స్పీకర్ పెట్టి ఈడనే ఉండు" అన్నాడు ఈరన్న.

ఫోన్ చేసినావిడ నెమ్మదస్తురాలు. తెలుగే మాట్లాడింది. నమస్కారాలయ్యాక నేరుగా విషయానికి వచ్చింది.

"మీరు రాసిన లెటర్ మా అందరికీ బాగా నచ్చిందండీ. ముఖ్యంగా ఆ బిల్లు వేయనని నిలబడిన సంగతి. అది మీ మాటల్లో ఒకసారి చెబుతారా?"

ఈరన్న చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు వినగానే అశ్వినికి అర్థమైంది. మార్కెట్టు దగ్గర, ఆఫీసు అరుగు మీద, పిల్లల గురించి అడగడానికి వచ్చినవాళ్ల ముందు ఆయన అట్లాగే నవ్వేవాడు.

"అది అంత పెద్ద సంగతేం కాదులే తల్లీ. కల్తీ వద్దని నేనే అన్నా. ఆ పాపకు మేలు జరగాలని, పేరు పైకి రావాలని అట్ల రాపిచ్చినా. పేద పిల్ల గదా. తప్పుంటే నాది."

"అలాగా" అంది ఆవిడ.

"కానీ మంచి పిల్ల తల్లీ, బంగారం. నాలుగేండ్లలో నాకు ఒక్కసారన్నా ఎదురు చెప్పింది లేదు. ఏది చెప్తే అది చేస్తాది. తలెత్తి మాట్లాడదు. సొంత బుద్ధి చూపిచ్చేది, పెద్దోళ్లను ప్రశ్నించేది, అట్లాంటి పొగరు ఆ పిల్లలో లేదు. నా మాట ఎందుకు, వాళ్ల నాయన ఈడనే ఉండాడు. కన్నోడు అబద్ధం చెప్పడు గదా. చెప్పు పౌలూ."

పౌలు లేచి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. దారి పొడుగునా బస్సులో ఈ మాటలే నెమరు వేసుకుంటూ వచ్చినట్టున్నాడు.

"నమస్కారమ్మా. నా బిడ్డను నేనే పొగుడుకోగూడదు. అయినా దేవుని ముందర చెప్తాండా. పుట్టినప్పటి నుంచి ఎవరికీ ఎదురు చెప్పిన పిల్ల కాదు. కొట్టినా ఎందుకు కొట్టినావని అడగదు. మీరు ఏం చెప్తే అది చేస్తాది. మీకు ఏ ఇబ్బందీ పెట్టదు. నాదీ పూచీ."

చెప్పి, బాగా చెప్పానా అన్నట్టు కూతురి వైపు చూశాడు. ముఖం వెలిగిపోతోంది.

"అశ్విని కూడా అక్కడే ఉన్నారా?" అని అడిగింది ఆవిడ. ఆ గొంతులో కోపం లేదు. అలసట ఉంది. ఉందని ఈరన్నే చెప్పాడు.

"అశ్వినీ, నియమం ప్రకారం మీరు అక్కడ ఉండకూడదు. సరే, ఉన్నారు కాబట్టి మిమ్మల్నే అడుగుతున్నాను. మీ సార్, మీ నాన్నగారు చెప్పింది నిజమేనా?"

అడకత్తెరలో పోకచెక్క అంటే అదే. కాదు అని ఒక్క మాట అంటే చాలు, సీటు దక్కేది. ఆ మాట అనగలదా అనే కదా ఆవిడ అడుగుతున్నది. కానీ కాదు అంటే యజమానిని అబద్ధాలకోరు అన్నట్టు. దేవుడి మీద ప్రమాణం చేసిన తండ్రిని అబద్ధాలకోరు అన్నట్టు. తోట గట్టు మీద ఇల్లు ఎవరి జాగాలో ఉందో ఆమెకు తెలుసు. ఈరన్న బల్ల మీది కాగితాలు సర్దుకుంటున్నాడు, ఆమె వైపు చూడను కూడా లేదు. పౌలు మాత్రం ఆమె వైపే చూస్తూ తల ఆడిస్తున్నాడు, అవునను, అవునను అని.

"అవును మేడం" అంది అశ్విని.

ఆవిడ థాంక్యూ చెప్పి ఫోన్ పెట్టేసింది. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు ఈరన్న మీద వచ్చే కోపం ఒక ఎత్తు, ఆ పిల్ల మీద వచ్చే కోపం ఒక ఎత్తు. ఒక్క మాటమ్మా, ఒక్కటే మాట అనుకుంటాను. ఆ గదిలో నిలబడింది నేను కాదు కాబట్టి అనుకోగలుగుతున్నాను.

ఈరన్న కాఫీ తెప్పించి పౌలుకు స్వయంగా అందించాడు. "బాగా చెప్పినావప్పా. నాకన్నా నువ్వే బాగా చెప్పినావు" అన్నాడు. పెనుకొండ బస్సులో పౌలు పక్కసీటు వాళ్లకు కూడా చెప్పుకున్నాడు, బెంగళూరు పెద్ద మేడంతో మాట్లాడి వస్తాండా అని. అశ్విని కిటికీ పక్కన కూర్చుని నోరు విప్పలేదు. చెబితే ఆ ముఖంలో వెలుగు ఆరిపోతుంది. ఆ రోజుకు ఆరిపోకుండా ఉంటే చాలనుకుంది.

నెలాఖరుకు జవాబు వచ్చింది. ఎంపిక కాలేదు, భవిష్యత్తు బాగుండాలని కోరుకుంటున్నాం అని మర్యాదగా రాశారు. అశ్విని ఇంట్లో ఒక్క ముక్కలో చెప్పింది, రాలేదు అని.

పౌలు మొదట నమ్మలేదు. తర్వాత బాధపడ్డాడు. రెండు రోజులు పోయాక ఆ బాధంతా కూతురి మీదికి తిరిగింది. "పెద్దాయన అంత బాగా చెప్పె. నేను దేవుని ముందర చెప్తి. ఇంక యాడ తప్పింటాది? నువ్వే పరీచ్చ సరిగ్గా రాసుండవు. ఇద్దరి మాటా మన్నుపాలు చేసినావు." తల్లి ముత్యాలమ్మ అడ్డం రాబోతే ఆమెనూ కసిరాడు. అంత పెద్దమనిషి మన కోసం నోరు విడిచి అడిగితే పని కాలేదు, ఆయన పరువేం కావాల అన్నాడు. పోయి క్షమాపణ అడగాల్సిందేనన్నాడు.

ఆదివారం ప్రార్థన అయ్యాక, అదే తెల్లచొక్కాతో, కూతుర్ని వెంటబెట్టుకుని హిందూపురం పోయాడు. బస్టాండులో ఒక డజను అరటిపండ్లు కొన్నాడు. ఈరన్న ఇంటి వరండాలో పేపర్ చదువుకుంటున్నాడు. పౌలు పండ్లు ఆయన కాళ్ల దగ్గర పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సీటు రాలేదు సామీ. మీ మాట పోగొట్టింది నా బిడ్డ. దాన్ని చూసీ చూడనట్టు పోవాల మీరు."

ఈరన్న పేపర్ మడిచాడు. "అయ్యో, దానికెందుకప్పా అంత బాధ? అన్నీ మనం అనుకున్నట్టే జరుగుతాయా. వచ్చే ఏడాది మళ్లా రాద్దాంలే. నేను యాడికి పోతా, పాప యాడికి పోతాది? అప్పుడు కూడా ఇట్లనే చెప్తా. నువ్వూ వచ్చి చెప్పు."

వచ్చే ఏడాది లేదని ఆయనకు తెలుసు. వయసు హద్దు సంగతి లెటర్ కొట్టిన రోజే అశ్విని ఆయనకు చెప్పింది.

"చెప్పమ్మా సామికి. తప్పయిందని చెప్పు" అన్నాడు పౌలు, కూతుర్ని మోచేత్తో ముందుకు తోస్తూ.

అశ్విని తలెత్తి ఈరన్నను చూసింది. ఆయనను అడగాల్సిన మాటలు నెల రోజులుగా ఆమె మోస్తూనే ఉంది. ఆయన ఆమెనే చూస్తున్నాడు, తాపీగా, ఏమంటావో అను అన్నట్టు. ఆ మాటలు నాలుక చివరి దాకా వచ్చాయి. అక్కడ దారి మళ్లి, పక్కన నిలబడినవాడి మీద పడ్డాయి.

"నా సీటు పోగొట్టింది నువ్వే నాయనా. ఎదురు చెప్పని మనిషి వాండ్లకు వద్దు. నువ్వు లేచి నిలబడి అదే చెప్పినావు. నిన్నెవరు రమ్మన్నారు? ఏం తెలుసని మాట్లాడినావు? ఇస్త్రీ చొక్కా ఏసుకొని వచ్చి నా బతుకు మన్ను చేసి పోయినావు."

పౌలుకు ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. అర్థమవుతున్నంతసేపూ ఆయన చెయ్యి చొక్కా గుండీల మీద వెతుకులాడింది, విప్పేయాలో ఉంచుకోవాలో తెలియనట్టు. అది చూస్తూ కూడా అశ్విని ఆపలేదు. "నీ నోటి మాటే" అని ఇంకోసారి అంది.

"తప్పమ్మా" అన్నాడు ఈరన్న, చాలా మెత్తగా. "కన్నతండ్రిని అట్ల అంటారా? పాపం, నీ మేలు కోరే గదా వచ్చినాడు."

అశ్విని వరండా మెట్లు దిగి గేటు దగ్గరికి పోయి, వీధి వైపు తిరిగి నిలబడింది. పౌలు కాసేపు ఆమె వీపు చూశాడు. తర్వాత ఈరన్న వైపు తిరిగి చేతులు జోడించాడు.

"చిన్నపిల్ల సామీ. మీ ఇంటి ముందర నిలబడి గొంతు పెంచింది. దాని తరఫున నేను అడుగుతాండా, మనసులో పెట్టుకోవద్దు. రేపు పొద్దున్నే పనిలోకి పంపిస్తా."